మాంద్యానికి లంకణం

భానోజీకి వచ్చిన కష్టమల్లా ఒక్కటే. అతను చెప్పిన మాట ఊరంతా విన్నది.

మా ఊళ్లో ఎవరి మాటా ఎవరూ వినరు. ప్రెసిడెంటు మాట వార్డు మెంబర్లు వినరు, వార్డు మెంబర్ల మాట వాళ్ల ఇళ్లలో వినరు. అలాంటి ఊళ్లో, బి.ఏ. రెండో ఏడు చదివే కుర్రాడు ఒక్క మాట అంటే పెద్దా చిన్నా అందరూ పాటించారు. పాటించినందువల్ల ఇప్పుడు ఆ కుర్రాడి ఇంట్లో గేదె అమ్ముడైపోతోంది. గేదె పోతే పాలు పోతాయి, పాలు పోతే కాలేజీ ఫీజు పోతుంది, ఫీజు పోతే భానోజీ విశాఖపట్నం వెళ్లి ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చోవాలి.

ఆ సంగతి చెప్పుకోవడానికే అతను ఆదివారం పొద్దున్నే సన్యాసినాయుడు మాస్టారి ఇంటికి వెళ్లాడు.

మాస్టారు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతారు. పేరు సన్యాసి, చెప్పేది అర్థశాస్త్రం. ఈ రెండూ ఒక ఇంట్లో ఇమడవని ఆయన మామగారు పెళ్లి నాటినుంచీ అంటూనే ఉన్నారు. మనిషి నెమ్మదస్తుడు. తల నున్నన. చెవుల పైన మాత్రం కాస్త జుత్తు మిగిలింది, అది కూడా ఎటు పోవాలో తేల్చుకోలేక ఆగినట్టుంటుంది.

జూట్ మిల్లు నడిచిన రోజుల్లో ఆయన క్లాసుకి వచ్చేవాళ్లు రెండు రకాలు. వేరే గ్రూపులో సీటు రానివాళ్లు, సీటు వచ్చినా పొద్దున్నే లేవలేనివాళ్లు. వెనక బెంచీ మీద నిద్రపోయేవాడికి ఇబ్బంది కలగకుండా మాస్టారు గొంతు తగ్గించి పాఠం చెప్పేవారు.

తరవాత మిల్లు గేటుకి తాళం పడింది. ఆ ఏడాదే ఎకనామిక్స్ క్లాసు నిండిపోయింది. బల్లలు చాలక కుర్రాళ్లు కిటికీల్లో కూర్చున్నారు. మిల్లు మళ్లీ ఎప్పుడు తెరుస్తారో పుస్తకంలో రాసి ఉంటుందని ఒకడు వచ్చాడు. డబ్బంతా ఎక్కడికి పోయిందో తెలుస్తుందని ఇంకొకడు వచ్చాడు, తెలిస్తే బస్సెక్కి వెళ్లి తెచ్చుకుందామని. కొంతమంది ఆడపిల్లలు చేరారు గనక ఇంకొంతమంది మగపిల్లలు చేరారు. మాస్టారు ఎవరినీ ఏమీ అడగలేదు. సుద్దముక్కల పెట్టె ఇంకొకటి తెప్పించారు, అంతే.

వీళ్లందరిలోకీ ముందున్నవాడు భానోజీ. వాళ్ల నాన్న మిల్లు కార్మికుడు. తాళం పడినప్పటినుంచీ మిల్లు గేటు ముందు దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాడు. ఇంట్లో ఎవరు పని చెప్పినా, దీక్షలో ఉన్నానంటాడు. ఇల్లు నడిపేది తల్లి పైడమ్మ, ఆమెను నడిపేది గేదె.

భానోజీని ఒక్క మాట మాత్రం బాధించేది. "మీకు ల్యాబ్ లేదు, ప్రాక్టికల్స్ లేవు, అదేం చదువురా?" అని సైన్సు పిల్లలు ఏడిపించేవాళ్లు.

"మనకి ప్రాక్టికల్స్ ఎందుకు లేవండీ?" అని అతను ఒకసారి మాస్టారినే అడిగేశాడు.

"వస్తాయిలే," అన్నారాయన.

అవి వచ్చేదాకా ఆగలేక భానోజీ శిబిరానికి వెళ్లి ఉపన్యాసం ఇచ్చాడు.

"మనకి వచ్చింది మాంద్యం," అన్నాడు.

శిబిరానికి రోజూ వచ్చి, దీక్ష చేసేవాళ్ల కంటే ముందు చాప మీద కూర్చునే సూరీడమ్మ ఈ మాట పట్టుకుంది. "మా ముసిలోడికీ అదే బాబూ. అగ్గిమాంద్యం. ముద్ద దిగదు."

"అది కాదు మామ్మా. అది కడుపుకి వచ్చేది. ఇది ఆర్థిక మాంద్యం. ఊరికి వచ్చేది."

"ఎవులికొస్తే ఏటి? లంకణం కడితే పోద్ది."

నలుగురూ తలలూపారు. భానోజీ ఆలోచించాడు. చెప్పదలుచుకున్నది కూడా ఇంచుమించు అదే గదా అనిపించింది.

"ఒక విధంగా అంతే మామ్మా. అందరూ ఖర్చులు మానాలి," అన్నాడు.

అంతే. ఆ సాయంత్రానికల్లా ఊరు లంకణానికి కూర్చుంది.

ముందు మొదలుపెట్టింది జేబులో డబ్బున్నవాళ్లు. లేనివాళ్లు అప్పటికే చేస్తున్నారు గనక వాళ్లకి కొత్తగా మానడానికి ఏమీ దొరకలేదు. పింఛను వస్తున్న రైల్వే గార్డుగారు పేపరు మానేసి పక్కింటి పేపరు చదవడం మొదలుపెట్టారు. పక్కింటాయన అది చూసి పేపరు మానేశాడు. రైసుమిల్లు సూర్యారావుగారు క్రాఫు మానేశారు. ఆయన మానగానే మగవాళ్లందరూ మానేశారు. భానోజీ అందరికంటే ముందు మానేశాడు గనక అతని జుత్తు భుజాల మీదికి దిగింది. చూసినవాళ్లు ఎకనామిక్స్ అనుకోలేదు, మొక్కు అనుకున్నారు.

క్రాఫులు లేక సెలూను సింహాద్రి టీ మానేశాడు. సింహాద్రి పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ తాగేవాళ్లు వాళ్లంతట వాళ్లే మానేశారు. టీ కొట్టు అప్పలకొండ పాలు మానేసి, వచ్చిన ఒకరిద్దరికి నల్ల టీ పోశాడు. అప్పలకొండకి పాలు పోసేది పైడమ్మ.

గేదె మాత్రం లంకణం చెయ్యలేదు. దానికి ఎవరూ చెప్పలేదు.

"గేదెని బేరగాడు పది గంటలకి తోలుకుపోతానన్నాడండి," అన్నాడు భానోజీ, ఆ ఆదివారం పొద్దున మాస్టారి ఎదుట నిలబడి. "నేను చెప్పింది తప్పా మాస్టారండీ?"

"ఏం చెప్పావు?"

"కష్టకాలంలో ఖర్చు తగ్గించుకోమన్నాను."

"ఎవరికి చెప్పావు?"

"అందరికీనండి."

మాస్టారు లేచి చొక్కా తొడుక్కున్నారు. "పద, క్రాఫు చేయించుకోవాలి."

భానోజీ ఆయన తల వైపు చూశాడు. చూడడం మర్యాద కాదని గుమ్మం వైపు చూశాడు.

"గేదె మాస్టారండీ..."

"సెలూను దారిలోనే కదా."

సెలూనులో సింహాద్రి తన కుర్చీలో తానే కూర్చుని నిద్రపోతున్నాడు. మాస్టారిని చూసి గబుక్కున లేచి, ఆయన వెనకాల ఎవరున్నారా అని చూశాడు.

"ఎవులికండి?"

"నాకే. క్రాఫు."

సింహాద్రి దువ్వెన తీశాడు. మళ్లీ పెట్టేశాడు. "ఏటుందని సెయ్యమంటారండి?"

"ఉన్నంతవరకు చెయ్యి."

సింహాద్రి గుడ్డ దులిపి మెడకి కట్టాడు. కత్తెర ఎక్కువసేపు గాలినే కత్తిరించింది. కానీ ఆ టిక్కుటిక్కుమనే చప్పుడు మా వీధి విని చాలా రోజులైంది. తలుపులు తెరుచుకున్నాయి. శిబిరం నుంచి సూరీడమ్మ నడుం పట్టుకుని మరీ వచ్చింది.

"ఓలమ్మ! మాస్టారు లంకణం విడిసీసినారు!"

ఈ కబురు ఊరంతా ఎలా పాకిందో నాకు తెలీదు. నేను మాత్రం నలుగురికే చెప్పాను.

సింహాద్రి పౌడరు రాసి, వెనకాల అద్దం పట్టాడు. మాస్టారు అటూ ఇటూ తిరిగి శ్రద్ధగా చూసుకున్నారు.

"వెనక కాస్త ఎక్కువ తీసినట్టున్నావు."

"పెరుగుద్ది లెండి," అన్నాడు సింహాద్రి, అలవాటు కొద్దీ.

మాస్టారు డబ్బులిచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు.

"పది అవుతోందండి," అన్నాడు భానోజీ.

"కూచో."

కూర్చున్నాడు. భానోజీకి కాలు నిలవడం లేదు. లోపల సింహాద్రి తన చేతిలోని నోటు వైపు చూశాడు. ఎదురుగా టీ కొట్టు వైపు చూశాడు. నోటు జేబులో పెట్టాడు. మళ్లీ తీశాడు. తన ఇంట్లోవాళ్లెవరూ చూడడం లేదని రూఢి చేసుకుని రోడ్డు దాటాడు.

"పాలు పోసిందే ఇయ్యి, కొండా. నల్లది తాగి తాగి నాలిక మొద్దయిపోనాది."

"లంకణమో?" అన్నాడు అప్పలకొండ.

"మాస్టారు పత్తెం పెట్టీసినారు."

జ్వరపడి లంకణాలున్న మనిషికి మొదటిసారి చారన్నం పెట్టడాన్ని మా వైపు పత్తెం పెట్టడం అంటారు. ఆ వాసన తగిలితే పక్కింట్లో జ్వరం లేనివాడికి కూడా ఆకలేస్తుంది. కొట్టు ముందు ఊరికే నిలబడడానికి వచ్చిన వాళ్లకి అదే అయింది. ఒకడు టీ అన్నాడు. రెండోవాడు స్ట్రాంగుగా అన్నాడు. మాస్టారి తల చూసి వచ్చిన గార్డుగారు, డాక్టరు వద్దన్నాడు గానీ అంటూ పంచదార ఎక్కువ వెయ్యమన్నారు.

కొట్లో పాలచుక్క లేదు. అప్పలకొండ కొట్టు వదిలి పరుగెత్తాడు. కొట్టుకి నిప్పంటుకున్న రోజున కూడా అతను అంత తొందరపడలేదు.

భానోజీ అతని వెనకే పరుగెత్తాడు. నాకూ అటే పనుంది.

పైడమ్మ అప్పటికే గేదె నుదుట పసుపు రాసి బొట్టు పెట్టేసింది. పలుపు విప్పి చేత్తో పట్టుకుంది. బేరగాడు దాలినాయుడు చెయ్యి చాపాడు.

"అప్పా! పాలు! ఉన్నకాడికి పొయ్యి!" అని వీధిలోంచే అరిచాడు అప్పలకొండ.

"గేదె ఎలిపోతంది బాబూ."

"ఎల్తే ఎల్లనీ. పాలిచ్చీసి ఎల్లమను."

పైడమ్మ అతని చేతిలోని ఖాళీ క్యాను వైపు చూసింది. "రేపో మరి?"

"రేపూ కావాల. ఎల్లుండీ కావాల. ఆలకి పాల టీ కావాలంట, ఊరంతా పత్తెం తింటన్నారు!"

ఆమె పలుపు పట్టుకెళ్లి మళ్లీ గుంజకి కట్టేసింది. రెండు ముళ్లు వేసింది.

"ఇదేటప్పా? మాటిచ్చినావు కదా!" అన్నాడు దాలినాయుడు.

"మాటే ఇచ్చినాను. గేదిని ఇవ్వనేదు."

దాలినాయుడు ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక, సెలూనులో గెడ్డం గీయించుకుని పోయాడు.

మిల్లు తాళం అలాగే ఉంది. అది క్రాఫుతో తెరుచుకునే తాళం కాదు. శిబిరం కూడా అలాగే ఉంది. కాకపోతే శిబిరంలో రెండు పూటలా పాల టీ అందుతోంది. భానోజీ నాన్న దీక్ష మరికొంత కాలం సాగేలా ఉంది.

ఆ ఆదివారం సాయంత్రమే పైడమ్మ పాల డబ్బుల్లోంచి ఒక నోటు తీసి కొడుకు చేతిలో పెట్టింది. "ఫీజు మాట తరవాత. ముందెల్లి ఆ జుత్తు తీయించుకో. గేది నిన్ను సూసి బెదురుతంది."

సెలూనులో వరస ఉంది. భానోజీ తన వంతు కోసం బల్ల మీద కూర్చున్నాడు. ఊళ్లో ఎవరైనా ఏమైనా అడిగితే ఉపన్యాసం ఇచ్చే కుర్రాడు. ఆ రోజు సూరీడమ్మే వచ్చి, "మాంద్యం దిగినట్టేనా బాబూ?" అని అడిగితే, పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు, అంతే.

సింహాద్రి గుడ్డ కట్టాడు. "ఎంత తియ్యమంటావురా?"

భానోజీ రోడ్డవతలికి చూశాడు. టీ కొట్టు బల్ల మీద మాస్టారు గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. దీపం వెలుగు ఆయన తల మీద పడి మెరుస్తోంది.

"ఉన్నంతవరకు," అన్నాడు.

మర్నాడు ప్రిన్సిపాలుగారు వరండాలో నడుస్తూ ఎకనామిక్స్ క్లాసు ముందు ఆగిపోయారు. ముందు బెంచీలో భానోజీతో మొదలుపెట్టి కిటికీల్లో కూర్చున్నవాళ్లదాకా మగపిల్లలందరివీ నున్నటి గుండ్లు. ఆడపిల్లలు మటుకు టీ తాగి వచ్చారు.

"ఏమిటండీ ఇది నాయుడుగారూ? క్లాసంతా తిరపతి వెళ్లొచ్చిందా?"

మాస్టారు బోర్డు చెరుపుతున్నారు. వెనక్కి తిరగలేదు.

"ప్రాక్టికల్సండి," అన్నారు.