వరహాలరావు కారూ, వణికే జనమూ

నర్సీపట్నంలో వరహాలరావు అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. మనసు వెన్నపూసే కానీ, తన పాత కారుని ఎవరైనా పల్లెత్తు మాట అంటే ఆ అన్నవాళ్ళలోనే ఏదో లోపం ఉందని తేల్చేసేవాడు.

ఆ కారు వాళ్ళ నాన్న కొన్నది. వరహాలరావు దాన్ని ముద్దుగా "పెద్దమ్మాయి" అనేవాడు. కన్నకూతురు హైమ పాపం రెండో స్థానంతో సరిపెట్టుకునేది. ఆయన పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా, కారు అద్దాలు తుడిచేవాడు. తుడుస్తూ దానితో కబుర్లు చెప్పేవాడు. "నాతో ఇన్ని మాటలు పెళ్ళైన కొత్తలో కూడా ఆడలేదు" అనేది భార్య మాలక్ష్మి, కిటికీలోంచి చూసి.

ఒక వేసవిలో లంబసింగి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే పెద్దమ్మాయి కుతకుతా ఉడికిపోయింది. ఇంజను వేడెక్కేదాకా అందులోని నీళ్ళని, వాటిని గాలికి చల్లార్చే రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే చిన్న మూత ఒకటి ఉంటుంది. దాన్ని థర్మోస్టాట్ వాల్వ్ అంటారు. అది మూసుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. మెకానిక్ కొత్తది వేస్తానన్నాడు.

"ఎందుకయ్యా? మన ఎండలకి ఇంజను చల్లగా ఉంటే చాలదూ? దాన్ని వెచ్చబెట్టే ముచ్చట మనకెందుకు? తీసి పారెయ్" అన్నాడు వరహాలరావు.

మైదానపు ఊళ్ళలో చాలామంది చేయించే పనే కాబట్టి మెకానిక్ కూడా సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఇంజను వేడి చూపించే ముల్లు అడుగున పడుకుని లేవడం మానేసింది. వరహాలరావు మురిసిపోయాడు. కారెక్కిన ప్రతివాడికీ ఆ ముల్లు చూపించి, "చూశావా? ఎంత దూరం తోలినా పైకి రాదు. చల్లని తల్లి" అనేవాడు.

ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలికాలం వచ్చింది. కొండల మీద మంచు దిగింది. వరహాలరావుకి వారం వారం ఘాటెక్కి, లంబసింగి దాటి, అవతల చింతపల్లి దాకా వెళ్ళి రావడం ఒక సరదా. కారులో హీటరుంది. ఆ రోజుల్లోనే వాళ్ళ నాన్న పట్టుబట్టి హీటరున్న కారు కొన్నాడు. కానీ ఆ చలికాలం అది ఎంత తిప్పినా, వేడన్నం మీద ఎవరో ఊదినట్టు, వచ్చీ రానట్టు గాలి వచ్చేది.

మొదట నోరు విప్పినవాడు స్నేహితుడు తాతబ్బాయి.

"వరహాలూ, ఘాటెక్కేటప్పుడు కాస్త వెచ్చగానే ఉంటోందిరా. అవతలికి దిగేటప్పుడే కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి."

"నీకు రక్తం తక్కువరా. బీట్‌రూట్ తిను" అన్నాడు వరహాలరావు.

తాతబ్బాయి బీట్‌రూట్ తిన్నాడో లేదో గానీ, మరుసటి వారం నుంచి మోకాళ్ళ నొప్పులని చెప్పి కారెక్కడం మానేశాడు.

తరువాత మాలక్ష్మి వంతు. "ఏమండీ, టీ దుకాణం దగ్గర బండి ఆపి ఉంచినప్పుడు వెచ్చటి గాలే వస్తోంది. బయల్దేరితే చల్లారిపోతోంది."

"ఆపినప్పుడు టీ తాగావుగా. ఆ వెచ్చదనం నీ కడుపులోది. పెద్దమ్మాయిది కాదు" అన్నాడు వరహాలరావు.

మాలక్ష్మి ఆయన్ని ఒక చూపు చూసి, శాలువా ముసుగేసుకుని నిద్ర నటించింది. మరో వారానికి ఆమె కూడా ఇంట్లో పనుందంది. వరహాలరావు ఒక్కడే వెళ్ళొచ్చాడు. దారిలో వణికాడు కూడా. కానీ అది స్వెట్టరు పలచన కావడం వల్ల అని ఇంటికొచ్చి మాలక్ష్మితో అన్నాడు.

అంతలో అసలు ప్రయాణం వచ్చిపడింది. హైమ పురుడు పుట్టింట్లోనే జరిగింది. ఆడపిల్ల. మూడో నెల రాగానే సారె పెట్టి, తల్లినీ బిడ్డనీ చింతపల్లిలో అత్తవారింటికి పంపాలి. హైమ అత్తగారు ఫోను చేసి, "చలి బాగా ఉంది వదినగారూ, పిల్ల జాగ్రత్త. కావాలంటే మావాడు జీపు పంపుతాడు" అంది.

"నాన్నా, జీపులోనే వెళ్తాను. అల్లరి చేయకు" అంది హైమ.

వరహాలరావు అన్నం ముందునుంచి లేచిపోయినంత పని చేశాడు. ఆయన నాన్న ఆయన్ని ఎత్తుకుని ఈ కారులోనే ఊరంతా తిప్పాడు. హైమ బడికి వెళ్ళింది ఈ కారులోనే. ఇప్పుడు మనవరాలి మొదటి ప్రయాణం ఎవరిదో జీపులోనా? ఆయన కారు దగ్గరికెళ్ళి, అప్పటికే తుడిచిన అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ వీపు చూసి హైమ మెత్తబడిపోయింది.

"సరే, నీ పెద్దకూతుర్నే రమ్మను. కానీ పిల్లకి చలి తగిలితే మాత్రం దారిలోనే దిగిపోతాను" అంది.

బాగా పొద్దెక్కాక బయల్దేరారు. వెనక సీట్లో హైమ, ఒళ్ళో రెండు దుప్పట్ల మధ్య పాప. ముందు సీట్లో మాలక్ష్మి. డిక్కీలో సారె: కజ్జికాయలు, అరిసెలు, మినపసున్ని. ఘాటెక్కుతున్నంతసేపూ హీటరు కాస్త పరువు నిలబెట్టింది. వరహాలరావు అద్దంలోంచి కూతురిని చూసి కళ్ళెగరేశాడు. లంబసింగి దాటింది. దారి చింతపల్లి వైపు వాలింది. మంచులో బండి తేలిగ్గా జారసాగింది. గాలి చల్లబడింది, ఇంకా చల్లబడింది. మాలక్ష్మి శాలువా సర్దుకుంది. హైమ పాప మీదికి వంగింది. చలేస్తోంది అంటే తమకేం జబ్బు తేలుస్తాడో వాళ్ళకి తెలుసు.

పాప తుమ్మింది. కాసేపటికి మళ్ళీ తుమ్మింది.

అలవాటు కొద్దీ వరహాలరావు నోరు తెరిచాడు. "దానికీ…" అన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది.

"చెప్పండి. దీనికేం తక్కువంటారు? రక్తమా, స్వెట్టరా?" అంది మాలక్ష్మి.

వరహాలరావు బండి పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి, మేజోడు లోపలికి వేలు పోనిచ్చి, పాప పాదం తాకి చూశాడు. చల్లగా ఉంది. పాప ఆయన వేలు వదలకుండా కాలివేళ్ళు ముడిచింది. ఆయన మొహం చిన్నబోయింది.

"నాన్నా, నేను దిగుతాను. జీపుకి ఫోను చేస్తాను" అంది హైమ, కోపంగా కాదు, జాలిగా.

"చేద్దువుగాని. ముందు ఒక్క సంగతి చెప్పండి. మీకు ఎప్పుడెప్పుడు చలేసింది?" అన్నాడు వరహాలరావు.

తల్లీకూతుళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. ఆ కారులో ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ వినలేదు.

"ఘాటెక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు వేసింది" అంది హైమ.

"ఎన్నిసార్లు చెప్పాను? ఆగి ఉంటే వెచ్చన, కదిలితే చల్లన. కావాలంటే ఇప్పుడే చూడండి" అంది మాలక్ష్మి.

ఇంజను ఇంకా నడుస్తోంది. వరహాలరావు హీటరు ముందు చెయ్యి పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి నిజంగానే గాలి వెచ్చబడసాగింది. ఇన్నాళ్ళుగా తాతబ్బాయి చెప్పింది, మాలక్ష్మి చెప్పింది, ఇప్పుడు హైమ చెప్పింది, అన్నీ ఒక దగ్గర పెట్టి చూసుకున్నాడు. ఇంజను కష్టపడితే వేడి. నిలబడితే వేడి. ఎదురుగాలి కొడితే చలి. ముల్లు చూశాడు, అడుగునుంచి కొంచెమే లేచి ఉంది. ఆయన ఇన్నాళ్ళూ ఊరంతా చూపించి మురిసింది ఆ ముల్లునే.

"హీటరుకి వేడి రావాల్సింది ఇంజను నీళ్ళలోంచే కదా. ఆ నీళ్ళే వేడెక్కకుండా గాలికి చల్లారిపోతున్నాయి. వాటిని ఆపే మూతని నేనే తీయించేశాను" అన్నాడు నెమ్మదిగా.

"అయితే ఇప్పుడేం చేస్తాం?" అంది హైమ.

"గాలికి అడ్డం పెడదాం." ఆయన డిక్కీ తెరిచి అరిసెల అట్టపెట్టె ఖాళీ చేశాడు. అరిసెలు మాలక్ష్మి ఒళ్ళోకి చేరాయి. అట్టని రేడియేటరులో సగానికి సరిపడేలా మడిచి, దాని ముందు బిగించి, మిగతా సగం గాలికి వదిలేశాడు.

"మీకు స్వెట్టరు పలచనన్నారు, దీనికి అట్టా?" అంది మాలక్ష్మి, అరిసె కొరుకుతూ.

బండి కదిలింది. ముల్లు లేచింది. పావు దాటింది, మధ్యకొచ్చి నిలబడింది. అది అంతకన్నా పైకి పోకుండా చూసుకుంటూ వరహాలరావు నెమ్మదిగా తోలాడు. పాదాల దగ్గర వెచ్చదనం మొదలై మెల్లగా కారంతా నిండింది. పాప తుమ్ములు ఆగిపోయాయి. ఇంకాస్త దూరం పోయాక హైమ పై దుప్పటి తీసేసింది. జీపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చింతపల్లిలో వియ్యపురాలు ఎదురొచ్చి పాపనందుకుని, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో" అంది. వరహాలరావుకి ఆ మాట చాలు. పాప బుగ్గ నిమిరి, ఊరికి వెళ్ళగానే కొత్త వాల్వు వేయిస్తానని హైమకి మాటిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. మంచు విడిపోయింది. మాలక్ష్మి ఈసారి ముసుగేసుకోలేదు.

"ఏమండీ, ఎలాగూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఈ సీటులో స్ప్రింగు ఒకటి ఎన్నో ఏళ్ళుగా గుచ్చుకుంటోంది" అంది.

నువ్వు కాస్త ఒళ్ళు చేశావేమో అన్న మాట వరహాలరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశాడు.

"ఏ వైపు?" అన్నాడు.

నీతి: లోపం చెప్పినవాళ్ళని సరిచేయబోకూడదు, వాళ్ళ మాట విని లోపాన్ని సరిచేసుకోవాలి.