రాజుగారి తుమ్ము

ఇప్పుడు పేరు కూడా మిగలని ఒకానొక కొండరాజ్యంలో ఉద్దండరాయలు అనే రాజు ఉండేవాడు. ఆయన తుమ్మడు.

అంటే తుమ్ము రాదని కాదు. మాఘమాసంలో మామిళ్ళు పూత పట్టాయంటే చాలు, వేపపూత రాలిపోయేదాకా ఆయన ముక్కు కారుతూనే ఉండేది. కళ్ళు ఎర్రబడి దురదలు పెట్టేవి. ఒకదాని వెనక ఒకటి తుమ్ములు. అయితే పట్టాభిషేకం నాడే ఆయన చాటింపు వేయించాడు: తుమ్ము అపశకునం, రాజు వల్ల అపశకునం జరగదు, కాబట్టి రాజు తుమ్మడు. "ఏలినవారికి జలుబు చేసిందా?" అని పాపం మర్యాదకు అడిగిన ఇద్దరు వైద్యులు చెరసాలలో ఉన్నారు.

మరి నిండుకొలువులో అంత చప్పుడైతే అది ఎవరిదనుకోవాలి? దానికీ ఒక ఉద్యోగం పెట్టారు. సింహాసనం పక్కన వింజామర వీచే తిప్పన్నను పిలిచి, "నేటి నుంచి తుమ్ములన్నీ నీవి" అన్నారు. రాజుగారు తుమ్మగానే దండనాయకుడు లేచి "తుమ్మిందెవరు?" అని గద్దిస్తాడు. "నేనే మహాప్రభూ" అంటూ తిప్పన్న ముందుకొస్తాడు. తుమ్ముకో కొరడా దెబ్బ. మిగతా ఏడాదంతా సుఖమైన కొలువే. పూతకాలంలో మాత్రం అతను వీపు మీద ఉత్తరీయం కూడా ఆనించుకోలేకపోయేవాడు.

ఆ ఏడు మాఘంలో ఇంకో చాటింపు వచ్చింది. ఉగాదినాడు పొరుగురాజ్యపు రాయబారి సంధిపత్రం తెస్తున్నాడు. ఆ రోజు ముహూర్తం మొదలుకొని కొలువు ముగిసేదాకా ఎవరు తుమ్మినా తల తీస్తారు.

తిప్పన్న చేతిలో వింజామర ఆగిపోయింది. తుమ్మేదెవరో కొలువులో అందరికీ తెలుసు. పోయే తల ఎవరిదో కూడా తెలుసు. అందరూ అతని వైపు ఒకసారి చూసి చటుక్కున చూపులు తిప్పేసుకున్నారు. వాళ్ళు అలా తిప్పుకోవడం చూశాకే అతనికి అసలు భయం పట్టుకుంది.

"పారిపోదామయ్యా" అంది భార్య పోలమ్మ, అతని వీపుకి వెన్న రాస్తూ.

"ఎక్కడికే? కోట వాకిట్లో నన్ను ఎరగని వాడెవడు? రాజ్యంలో తుమ్ములన్నీ నావేనాయె!"

మాట నవ్వులాటగానే అన్నాడు గానీ, అతని పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు ఊరి చివర ఉండే ముసలి వైద్యుడి దగ్గరికి వెళ్ళి, "అయ్యవారూ, నా తుమ్ములకు మందు చెప్పండి" అన్నాడు.

వైద్యుడు నాడి పట్టి చూశాడు. "నీకేం రోగంరా? రాయిలా ఉన్నావు."

"తుమ్ములు నావేనండీ. రాజశాసనం."

ముసలాయనకు సంగతి అర్థమైంది. లేచి తలుపు గడియపెట్టి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "రాత్రిపూట మీగడ పెరుగు అలవాటుందా నీకు?"

"నాకు లేదండీ. నా తుమ్ములకు ఉంది."

"కుండలో చల్లబెట్టిన పానకం?"

"రోజుకి నాలుగు చెంబులు."

"అరిసెలు?"

"పళ్ళేలకు పళ్ళేలు."

"అవన్నీ కట్టిపెట్టాలి. పొద్దున్నే అల్లం, ఉసిరికాయ. రెండు పూటలా పొగలు కక్కే మిరియాల చారు, పసుపు వేసి వండిన ములగాకు పప్పు. నలభై రోజులు. పూత రాలకుండా మనం ఆపలేం. ఒంట్లో కఫం తగ్గితే ముక్కే కాస్త ఓర్చుకుంటుంది." అంతవరకు చెప్పి ముసలాయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "కానీ జబ్బే లేని మనిషికి పథ్యం ఎలా పెడతావురా? నీకు పుణ్యముంటుంది, నా పేరు మాత్రం ఎత్తకు."

ఎలా పెట్టాలి? దారి పొడుగునా తిప్పన్న అదే ఆలోచించాడు. ఉద్దండరాయలి గొప్పలు తుమ్ముతో ఆగలేదు. కోటలో పొయ్యి దిగిన ఏ వంటకమైనా మొదట ఆయన తినాలి, ఆయన కడుపు నిండాకే కోటలో పనిచేసేవాళ్ళందరికీ. ఆయన విడిచిపెట్టింది వద్దంటే రాజద్రోహం. ఈ రెండు శాసనాలూ తలుచుకోగానే తిప్పన్న నడక ఆగింది. ఉపాయం దొరికింది. అది నోటితో చెప్పాల్సి రావడమే ఇప్పుడు కొత్త భయం.

మర్నాడు కొలువులో సాష్టాంగపడ్డాడు. "మహాప్రభూ, నా తుమ్ములకు పథ్యం చెప్పారు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే తిను. మాతో చెప్పడమెందుకు?"

"ఏలినవారు ముందు తినకుండా నేనెలా తినగలను? మిరియాల చారట మహాప్రభూ. రెండు పూటలా."

"కూలివాళ్ళు తాగే చారు మేము తాగాలా!"

"వద్దు మహాప్రభూ, తమ ఘనతకు తగదు. పెరుగు సంగతీ అంతే. నేను ముట్టకూడదన్నారు. కానీ తమరు తిని విడిచిన పెరుగును కాదంటే రాజద్రోహం. కాబట్టి తింటాను. చారు మానేస్తాను." తిప్పన్న నుదురు నేలకు ఆనించాడు. "ఉగాదినాడు రాయబారి ఎదుట నా తుమ్ము ఎటు నుంచి వచ్చి పడుతుందో, అదొక్కటే నా భయం."

రాజు నోరు తెరిచాడు. కత్తి తెమ్మనడానికో మరెందుకో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ తెరిచిన నోటి నుంచి వరసగా మూడు తుమ్ములు వచ్చాయి.

"తుమ్మిందెవరు?" అన్నాడు దండనాయకుడు.

"నేనే మహాప్రభూ" అన్నాడు తిప్పన్న, నేల మీద నుంచి తల ఎత్తకుండానే.

రాజు ముక్కు తుడుచుకున్నాడు. "సేవకుడి ప్రాణం కాపాడటం రాజధర్మం. ఆ చారేదో తెప్పించండి. పెరుగు తీసేయండి."

ఆ రోజు నుంచి రాజు మొహం చిట్లించుకుంటూనే చారు తాగాడు. అడుగున మిగిలిన రెండు గుక్కలు తిప్పన్న తాగాడు. పది రోజులకు తుమ్ములు సగమయ్యాయి. తిప్పన్న వీపు మానడం మొదలుపెట్టింది గానీ భయం మానలేదు. రాత్రీ పగలూ కళ్ళ ముందు రాజుగారి ముక్కే. ఆ ముక్కు కాస్త అదిరితే ఇతని గుండె జారిపోయేది.

ఇరవయ్యో రోజు పొద్దున్నే కొలువులో పదకొండు తుమ్ములు. పదకొండు దెబ్బలూ తిని, తిప్పన్న వింజామర పట్టుకుని వచ్చి మామూలుగా నిలబడ్డాడు. రాజుకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నిన్న రాత్రి నేను దొంగతనంగా పెరుగు తిన్నట్టున్నాను మహాప్రభూ."

ఆ పూట రాజు అతని వీపు వంక చూడలేక చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ పెరుగు గిన్నె ఆయన దరిదాపులకు రాలేదు.

ఉగాది వచ్చింది. గవాక్షాల్లోంచి వేపపూత ఎగిరొచ్చి కొలువంతా పడుతోంది. సింహాసనానికి ఎడమవైపు రాయబారి, కుడివైపు తిప్పన్న, తిప్పన్న వెనక కత్తి పట్టిన తలారి. వాడి ఊపిరి మెడకు తగులుతోంది. సంధిపత్రం అందుకోవడానికి రాజు చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

తిప్పన్న కళ్ళు మూసుకుని పోలమ్మను తలుచుకున్నాడు.

ఏమీ కాలేదు. ముక్కు ఒకసారి అదిరి, ఊరుకుంది. రాజు పత్రం అందుకున్నాడు. మంగళవాద్యాలు మోగాయి. నలభై రోజులుగా బిగబట్టిన ఊపిరిని తిప్పన్న ఒక్కసారిగా వదిలాడు. మళ్ళీ పీల్చినప్పుడు దానితోపాటు ఇంత వేపపూత లోపలికి పోయింది.

"హాఛ్!"

వాద్యాలు ఆగిపోయాయి. కొలువు ఇంకా ముగియలేదు. అది ఆ కొలువులో తిప్పన్నకు నిజంగా తనదైన మొదటి తుమ్ము.

"తుమ్మిందెవరు?" అన్నాడు దండనాయకుడు అలవాటుగా.

ఈసారి జవాబు రాలేదు. తలారి కత్తి పైకి లేచిన చప్పుడు తిప్పన్నకు వినిపించింది. వంగి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, ఈ కొలువులో తుమ్ములన్నీ ఒప్పుకోవడానికి నేనున్నాను. నా తుమ్ము ఒప్పుకోవడానికి తమరు ఇంకా ఎవర్నీ నియమించలేదు!"

రాయబారి అటూ ఇటూ చూస్తున్నాడు. ఉద్దండరాయలు తిప్పన్న మొహాన్ని చూశాడు, ఉత్తరీయం జారి కనబడుతున్న వీపు మీది చారలను చూశాడు. ఆయన మీసాలు కదిలాయి. నవ్వు పొట్టలో మొదలై, భుజాల దాకా పాకి, కిరీటాన్ని పక్కకు ఒరిగించింది.

"ఈ పూటకు ఆ ఉద్యోగం మేమే చేస్తాం" అంటూ లేచి నిలబడ్డాడు. "తుమ్మింది మేము. ఎవరికైనా అభ్యంతరమా?"

తలారి కత్తి దించాడు. "చిరంజీవ!" అన్నాడు రాయబారి, నవ్వు ఆపుకోలేక.

రాజు తన చేతి కడియం తీసి తిప్పన్నకు తొడిగాడు. చెరసాలలోని వైద్యులిద్దర్నీ విడిచిపెట్టమన్నాడు. ఆపైన కొలువంతా వినేట్టు శాసనం పలికాడు. "నేటి నుంచి మా రాజ్యంలో ఎవరి తుమ్ము వాళ్ళదే."

ఆ మాట కోసమే ఏళ్ళ తరబడి కాచుకున్నట్టు, దండనాయకుడు కప్పు అదిరేలా తుమ్మాడు.