కాశీలో వదిలేసిన వంకాయ

కాశీ వెళ్లినవాళ్లు తమకు బాగా ఇష్టమైన కూర ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. పెళ్లికొడుకు మేనమామ, దివాన్ సర్వోత్తమరావు గారు మాత్రం వంకాయన్నా, దొండకాయన్నా, చివరికి పప్పన్నా "అది కాశీలో వదిలేశాను" అనేవారు. ఆయన తినకుండా లేస్తే మగపెళ్లివారంతా లేచిపోతారని పెళ్లికూతురి తండ్రికి గుండెల్లో రాయి పడింది.

"నేను చూసుకుంటాను బాబూ" అంది వంటమనిషి మాచమ్మ.

భోజనాల వేళ పంక్తి అంతటికీ గుత్తివంకాయ వడ్డించి, దివాన్ గారి విస్తట్లో మాత్రం ఉప్పూ కారం లేని ఉడికించిన కాకరకాయలు కుప్ప పోసింది.

"ఇదేమిటి? కాకరకాయంటే నాకు అసహ్యం" అన్నారాయన.

"అందుకే వండానండయ్యా. ఇష్టమైనవన్నీ కాశీలో వదిలేశాక తమరు తినడానికి మిగిలింది ఇష్టం లేనిదేగా."

పంక్తిలో నవ్వులు మొదలయ్యాయి. దివాన్ గారు గుత్తివంకాయ గిన్నె వైపు చూసి గుటక వేశారు.

"అసలు నేను కాశీ దాకా వెళ్లలేదు. దారిలో జ్వరమొచ్చి వెనక్కి తిరిగాను" అని గొణిగారు.

"అయితే వంకాయ కూడా తమరితోనే వెనక్కి వచ్చేసిందన్నమాట" అంటూ మాచమ్మ నాలుగు కాయలు వడ్డించింది.