ఊ కొట్టిన ఓబులక్క

"ఓబులక్కా, ఓ ఓబులక్కా. కథ మొదలుపెట్టేదా?"

అట్లా పిలిచి చెంగమ్మ నాలుక కరుచుకుంది. ఓబులక్క పోయి అప్పటికి నెల. చింతపండు కొట్టే ఆడవాళ్ళంతా రాళ్ళు ఆపి చెంగమ్మ వైపు చూశారు.

ఇది కొండలు ఇంకా మనుషుల మాట వినే కాలం నాటి సంగతి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది.

ఆ ఊళ్ళో ఎండాకాలం వస్తే ఆడవాళ్ళు పందిరి కింద చేరి చింతపండు కొట్టి గింజలు తీసేవాళ్ళు. విసుగు పని. చెంగమ్మ కథ చెబితే విసుగు తెలిసేది కాదు. కథకు ఒకరు ఊ కొట్టాలి గదా. అది ఓబులక్క వంతు. ఆమె వేళ్ళు వంకర, పని నిదానం.

"ఊ కొట్టి పొద్దు గడుపుతాంది చూడండే" అని నవ్వేవాళ్ళు.

"మీరు చింతపండు కొడతారు, నేను ఊ కొడతా. ఏదో ఒకటి కొడుతున్నా గదమ్మా" అనేది.

ఆమె ఊ మూడు రకాలు. కథ బాగుంటే నిండుగా ఊ. చెంగమ్మ తొందరపడితే పొట్టిగా ఊ. కథ దారి తప్పితే అసలు ఊ లేదు. ఆ నిండు ఊ తేనెపట్టు లోపలి చప్పుడులా ఉండేదట. నేను వినలేదు, అయినా నమ్ముతా.

ఒకనాడు చెంగమ్మ తన కథలో మేకలు కాసే పిల్లను బావిలో పడేసి చంపింది. ఊ రాలేదు. మళ్ళీ చంపింది. ఊ రాలేదు. మూడోసారి, "పడింది గానీ, గోడలోని రావి వేరు పట్టుకుంది" అంది.

"ఊ" అంది ఓబులక్క.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. "నీ నాలుక మీద సరస్వతి ఉంది చెంగమ్మా" అన్నారు. చెంగమ్మ తల వంచుకుంది. ఓబులక్క గింజలు తీసుకుంటా కూర్చుంది.

ఆ ఎండల్లోనే ఆమె జ్వరమొచ్చి పోయింది.

పిలిచి నాలుక కరుచుకున్న ఆ రోజు చెంగమ్మ కథలో రాజు వేటకు పోయినాడు, అడవిలోంచి తిరిగి రాలేదు; కథ అక్కడే ఆగిపోయింది. రెండో రోజు వాళ్ళలోనే ఒకామెను, మారక్కను, ఊ కొట్టమన్నారు. రాజు చచ్చినా ఊ, పెళ్ళాడినా ఊ. చెంగమ్మ తుమ్మితే దానికీ ఊ. కథ సగంలోనే చచ్చింది. మూడో రోజు చెంగమ్మకు దిష్టి తగిలిందని ఎర్రనీళ్ళు తిప్పి పోశారు.

"దిష్టి పోయింది. ఇంక చెప్పు వదినా" అంది మారక్క.

దిష్టే అంటే చెంగమ్మ పేరు నిలుస్తుంది. నిజం చెబితే ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.

ఇప్పటికీ ఆ వైపు కథ చెప్పేవాళ్ళు నేల మీద కూర్చుంటారు. ఊ కొట్టే మనిషికి చాప వేస్తారు. కథ బాగుందని ఎవరన్నా పొగిడితే, "ఓబులక్కకు చెప్పండి" అంటారు. ఆ మూడో రోజు చెంగమ్మ చేతిలో రాయి కింద పెట్టి చెప్పిన మాటతోనే ఇదంతా మొదలైంది.

"దిష్టి లేదు, ఏం లేదు. నాకు కథలు రావు. ఆమె ఊ అనేదాకా తడుముకుంటా పోయేదాన్ని, అంతే. మీరు నన్ను పొగిడినప్పుడల్లా ఆమె నా పక్కనే ఉండె. నేను ఒక్కనాడూ ఈ మాట చెప్పలేదు."