లేఖలో మొదటి మాట

ఈ కథ మా మేనత్త చెప్పిందో, ఎక్కడో విన్నదానికి నేనే ఆమె గొంతు తగిలించుకున్నానో రూఢిగా చెప్పలేను. గుర్తున్నంత మేరకు చెబుతాను.

అనగనగా ఒక నది. దానికి రెండు ఒడ్లు, ఒడ్డుకొక రాజ్యం. తూర్పున మణిగిరి, తరతరాల రాజ్యం. దాని రాజు ప్రతాపదేవుడు. పడమట వెలనాపురి, నిన్నమొన్న ఎదిగిన రాజ్యం. దాని రాజు కేతభూపాలుడు. నది నడుమ చిన్న లంక. అక్కడుండే మాచక్క ఇరువురి లేఖలనూ పడవలో చేరవేసేది.

ప్రతాపదేవుని లేఖ ఏటా ఒకేలా మొదలయ్యేది: "చిరంజీవి కేతభూపాలునికి ఆశీస్సులు." చిన్నవారికి పెద్దలు రాసే మాట అది. పడమటి ఏనుగుల బలం తూర్పుతో సమానమైన ఏడు, ఆ మాట కేతభూపాలునికి ముల్లులా గుచ్చుకుంది.

"ఇకపై మహారాజశ్రీ అని రాయమను" అని కబురు పంపాడు.

ప్రతాపదేవుడు నవ్వాడు. "నిన్నటిదాకా ఊరేగింపులకు మన ఏనుగులను అరువడిగినవాడు. వాడు మహారాజశ్రీయా?" మళ్ళీ చిరంజీవి అనే రాశాడు, అక్షరాలు మరింత పెద్దవి చేసి.

రెండో లేఖ పడమటి నుంచి వచ్చింది. "చిరంజీవి ప్రతాపదేవునికి ఆశీస్సులు." నెరిసిన మీసాల రాజుకు ఆ మాట! సభలో విదూషకుడు సైతం నవ్వలేదు.

మర్నాటికి రెండు ఒడ్ల మీదా సేనలు నిలిచాయి. అవి తలపడే చోటు మాచక్క లంకే. అక్కడ నలభై గడపలు, కోతకు వచ్చిన చేలు.

మూడోది యుద్ధలేఖ. దానికోసం ఇద్దరూ ఆమెను పిలిపించారు. ఇద్దరూ ఒకటే అడిగారు: "అవతలివాడు నాకు భయపడుతున్నాడా?"

ఆమె ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. "భయపడుతున్నారు ప్రభూ. తమరూ భయపడుతున్నారు. తూర్పు ప్రభువులకు తమ చోటు పోతుందని, పడమటి ప్రభువులకు చోటు దక్కనివ్వరని."

"నోరు జాగ్రత్త, మాచక్కా" అని ఇద్దరూ గద్దించారు.

"జాగ్రత్తగానే ఉంది ప్రభూ. భయం లేనివారే ఎదుటివారిని పెద్ద అనగలరు. తమకు భయం లేదంటే ఆ మాట రాసివ్వండి. పడవ సిద్ధంగా ఉంది."

ఇద్దరిలో ఒకరు యుద్ధలేఖను పక్కన పెట్టారు. తరువాత ఘంటం అందుకుని "మహారాజశ్రీ" అని రాశారు. అది చదివిన రెండో రాజు సింహాసనం మీంచి లేచి, నిలబడే అదే మాటతో బదులు రాశాడు. సేనలు వెనుదిరిగాయి. ఆ ఏడు లంకలో పంట ఇళ్ళకు చేరింది.

ఈనాటికీ ఆ రెండు దేశాలవారూ "ముందు రాసింది మా రాజే" అని మీసం మెలేస్తారు. అంతటి విజయం తమ చరిత్రలో మరొకటి లేదంటారు.

ముందు రాసింది ఎవరో నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు, ఆ గర్వం ఇద్దరికీ మిగలాలి. ఎదుటివారికి ముందుగా పెద్దరికం ఇవ్వగలిగినవారే పెద్దలు.