నలభై బాతుల అబద్ధం

కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో బట్టలకొట్టు గవర్రాజు ఉండేవాడు. చూడని పిట్టను చూశానని చెప్పకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ ఊళ్లో పక్షుల సంఘం ఉండేది. ఏటా కార్తీకంలో సభ్యులంతా పొద్దున్నే కలుసుకుని, ముందు ఊళ్లో పిచ్చుకల్ని లెక్కపెట్టి, తర్వాత వలస పక్షుల కోసం కొల్లేటి వైపు వెళ్లేవాళ్లు. ఎవరు ఏ పిట్టను ఎక్కడ చూశారో, ఏ దారిన వెళ్లారో సంఘం పుస్తకంలో రాయాలి. మరుసటి ఏడు ఆ రాతను నమ్ముకునే నడిచేవాళ్లు.

కిందటేడు గవర్రాజు కాళ్లనొప్పులని టీకొట్టు దగ్గరే కూలబడ్డాడు. ఊరుకుంటే పోయేదా? "తూర్పు దిబ్బ మీద వలస బాతులు నలభై. తుంగ పక్కగా నడిచి వెళ్లాను. నేల గట్టిది" అని పుస్తకంలో రాసిపారేశాడు. అందరూ శభాష్ అన్నారు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

ఈ ఏడు పిచ్చుకల లెక్క అయ్యేసరికి బారెడు పొద్దెక్కింది.

"భ్రమరాంబ టీచరుగారేరీ?" అని అడిగాడు గవర్రాజు.

"ఇంకెక్కడండీ! మీ బాతుల్ని చూడాలని ముందే వెళ్లిపోయారు. పుస్తకంలో మీ దారి చూసుకుని మరీ వెళ్లారు" అంది సంఘం కార్యదర్శి సుభాషిణి.

గవర్రాజు గుండె గుభేలుమంది. అక్కడి నేల గట్టిదో ఊబో ఆయనకేం తెలుసు? చెబితే పరువు పోతుందాయె! "ఏమీ కాదులే" అని మనసుకు సర్దిచెప్పుకుని అందరి వెనకా నడిచాడు.

గట్టు ఎక్కగానే కేక వినబడింది. "అమ్మో! దిగబడిపోతున్నాను! ఎవరైనా రండి!"

తుంగ పక్కన భ్రమరాంబగారు నడుం దాకా బురదలో ఉన్నారు. కదిలినకొద్దీ ఇంకా దిగబడుతున్నారు. సుభాషిణి చెప్పులు విడిచేసింది.

"గవర్రాజుగారూ, ఇటు నేల గట్టిదేగా? మీరు నడిచారుగా?" అంటూనే కాలు కిందికి పెట్టింది. ఆమె వెనకే మరో ఇద్దరు దిగబోయారు.

"ఆగండమ్మా! నేను నడవలేదు! అసలు ఇటు రానేలేదు! బాతుల్నీ చూళ్లేదు, నేలనీ చూళ్లేదు. అంతా అబద్ధం!" అని గవర్రాజు గొంతు చించుకుని అరిచాడు.

సుభాషిణి కాలు అప్పటికే మోకాలి దాకా దిగిపోయింది. వెనకవాళ్లు జబ్బ పట్టి లాగారు. గట్టు చివర వల బాగుచేసుకుంటున్న పోలయ్య దగ్గరికి గవర్రాజు పడుతూ లేస్తూ పరుగెత్తాడు. పోలయ్య తన తాటిదోనెను బురద మీద తోసుకుంటూ వెళ్లాడు. అతను చేరేసరికి టీచరుగారు చంకల దాకా మునిగిపోయారు.

"అమ్మగోరూ, కాళ్లు ఆడించకండి. దోనె అంచు గట్టిగా పట్టుకోండి" అని మెల్లగా పైకి లాగాడు.

ఒడ్డుకు చేరాక ఆవిడ చాలాసేపు వణికారు. గవర్రాజు ఏడుస్తూ ఆవిడ కాళ్ల మీద పడ్డాడు.

"నేల మెత్తబడుతోందని నాకు తెలుస్తూనే ఉందయ్యా" అన్నారు భ్రమరాంబగారు. "గట్టిదని మీరు రాశారు కదా అని, మీ మాట మీద ఇంకో నాలుగు అడుగులు వేశాను."

అందుకే పిల్లలూ, చూడనిది చూశానని ఎప్పుడూ చెప్పకండి: అబద్ధం ఆడినవాడు ఒడ్డునే ఉంటాడు, దాన్ని నమ్మినవాడు మునిగిపోతాడు.