గడ్డి మానేసిన చెంగలి

ఒట్టేసి చెబుతున్నాను పిల్లలూ, ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి!

అనగనగా ఒక పేద్ద అడవిలో చెంగలి అనే ఆడ జింక ఉండేది. అది పొద్దున గెంతిందంటే మళ్ళీ సాయంత్రానికి గానీ నేల మీద దిగేది కాదు.

ఆ ఏడు ఎండలకి అడవి మొత్తానికీ ఒక్క మడుగే మిగిలింది. పందులు ముందు దిగితే నీళ్ళన్నీ బురద. అందుకని జింకలకీ పందులకీ రోజూ గొడవే. చివరికి ఏనుగు తాత తీర్పు చెప్పాడు.

"వచ్చే పున్నమికి పరుగు పందెం. అడవంతా చుట్టి ఎవరు ముందొస్తే, వేసవంతా వాళ్ళ వాళ్ళే ముందు దిగాలి."

జింకల తరఫున చెంగలి, పందుల తరఫున ఘుర్రన్న.

"ఇంకేముంది, గెలిచేశాం!" అని జింకలన్నీ తోకలాడించాయి.

పందెం వారం ఉందనగా, చెంగలి అడవి అంచున మేస్తోంది. పక్కనే రోడ్డు మీద కొందరు మనుషులు మారథాన్ కోసం పరుగు సాధన చేస్తున్నారు. వెనకబడిన ఒకణ్ణి చూసి వాళ్ళ కోచ్ అరిచాడు.

"ఏరా! అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

ఆ అరుపుకి మూడు కొండలు బీటలిచ్చాయి.

చెంగలి నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. 'అంటే, గడ్డి తింటే పరుగు రాదా? మరి ఇన్నాళ్ళూ నేను పరిగెత్తింది ఏమిటి?' దాని బుర్ర గిర్రున తిరిగింది. గడ్డి ఉమ్మేసింది.

కాకిని అడిగింది. "కాకక్కా, పరిగెత్తేవాళ్ళు ఏం తినాలే?"

"ఆవకాయ అన్నం!" అంది కాకి. మనుషులు పారేసిన విస్తరి చూపించింది. చెంగలి తింది. దాని చెవుల్లోంచి పొగలొచ్చాయి.

కోతిని అడిగింది. "అరటిపళ్ళు!" అన్నాడు కోతి బావ. చెంగలి గెలకి గెల మింగింది, తొక్కలతో సహా. కడుపు డోలైంది.

ఎలుగుబంటిని అడిగింది. "ఇప్పపువ్వు!" అన్నాడు ఎలుగు మావ. తిన్నాక చెంగలికి ఒక్కో చెట్టూ నాలుగు చెట్లయి కనబడింది.

'ఇదేమిటి? అన్నీ శాకాహారమేగా! మాంసం ముక్క ముట్టలేదే! మరి కాళ్ళెందుకు వణుకుతున్నాయి?' ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

పున్నమి రానే వచ్చింది. చెంగలి మొదట బాణంలా దూసుకెళ్ళింది. సగం దారిలో కడుపు ఉరిమింది. ఆ ఉరుముకి వానొస్తుందనుకుని నెమళ్ళు పురివిప్పాయి! ఎదురుగా పచ్చని గడ్డి. తిననా? వద్దా? కోచ్ అరుపు చెవిలో మోగింది. తినలేదు. అక్కడే కూలబడింది.

ఘుర్రన్న దాని పక్కనుంచే గునగునా వెళ్ళిపోయాడు.

"ఏం తిన్నావు బాబాయ్?" అని చెంగలి నీరసంగా అడిగింది.

"రోజూ తినేవే! గడ్డలు!"

"గడ్డా?"

"గడ్డి కాదే, గడ్డలు! దుంపలు!"

చెంగలికి ఉన్న కాస్త బుర్రా చెదిరిపోయింది.

పందులన్నీ మడుగులో దిగి దొర్లాయి. జింకలు బురద నీళ్ళని పళ్ళ సందుల్లో వడగట్టుకుని తాగాయి. చెంగలి ఏడుస్తూ జరిగిందంతా మేనత్తకి చెప్పింది.

"ఓసి మొద్దూ! అది మనుషుల తిట్టే! వాళ్ళు తినేది అన్నం కనక అలా తిట్టుకుంటారు."

"అయితే మనల్నెలా తిడతారత్తా?"

మేనత్త మూతి బురద తుడుచుకుని అరిచింది.

"ఏమే! గడ్డి తింటున్నావా, అన్నం తింటున్నావా?"

నీతి: పరుగు ముందు వారం కొత్త తిండి జోలికి పోకూడదు, కడుపుకి అలవాటైన తిండే కాళ్ళకి బలం.

తెలిసిందిగా? అయితే లేవండి, దొడ్లో తోటకూర కోసుకు రండి, పప్పులోకి. గడ్డి పీక్కొచ్చారో, చెంగలికి పెట్టిరమ్మంటాను!